ఇరవై రెండు పేజీల అడవి

నా పరువు నేనే తీసుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి గాని, స్పైరల్ బైండింగ్ చేయించి మరీ తీసుకున్నది మాత్రం ఒక్కటే. ఆ సంగతి చెప్తాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లో వాళ్లు అప్పుడెప్పుడో నవ్వడం మొదలుపెట్టి ఇంకా ఆపలేదు, వాళ్లతోపాటు మీరూ నవ్వుతారు, అంతే కదా.

అప్పుడు నాకు ముప్పై నాలుగేళ్లు. సూర్యాపేటలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ని. ఆ ఎండాకాలం జ్వరం వచ్చి వారం రోజులు మంచం మీద పడి ఫోన్‌లో వీడియోలు చూశాను. ఎవరో తెల్లదొరలు, మొగుడూ పెళ్లాం, వీపుకు మనిషంతేసి సంచులు తగిలించుకుని నేషనల్ పార్కులన్నీ కారులో తిరుగుతున్నారు. పగలంతా కొండల్లో నడక, సాయంత్రం ఏటి ఒడ్డున డేరా, డేరా ముందు కాఫీ. వారానికి జ్వరం దిగింది గాని వీడియోలు మాత్రం దిగలేదు. మన దేశంలో మాత్రం అడవులకేం తక్కువ, నేను మాత్రం ఏం తక్కువ అనిపించింది.

ఇక మొదలుపెట్టాను. మూడు నెలలు కూర్చుని తొమ్మిది రోజుల యాత్రకు ఇరవై రెండు పేజీల ప్లాను రాశాను. కవ్వాలతో మొదలుపెట్టి, తడోబా, పెంచ్ మీదుగా కాన్హా దాకా. ఎన్ని గంటలకు లేవాలి, ఎంత దూరం నడవాలి, ఎక్కడ డేరా వేయాలి, ఒక్కో మనిషి రోజుకు ఎన్ని నీళ్లు తాగాలి, అన్నీ పట్టికలే. మ్యాపులు చేత్తో గీసి రంగులు వేశాను. జిరాక్సు షాపతను బైండింగు చేస్తూ, ఇది పీహెచ్‌డీనా సార్ అని అడిగాడు. నేను కాదనలేదు.

ఇంత రోడ్డు యాత్ర రాసిన నాకు కారు నడపడం రాదన్న చిన్న సంగతి ఇక్కడే చెప్పేయడం మంచిది. దానికి మా కాలేజీలోనే ఇంగ్లీషు చెప్పే ప్రసాద్‌ను పట్టుకున్నాను. ఆయనది కోదాడ పక్కన అనంతగిరి. ఏది చెప్పినా "అలాగే మాస్టారూ" అనే మెతక మనిషి, పైగా పెద్ద కారు ఉంది. దసరా సెలవులు ఆ ఏడు సెప్టెంబరులోనే వచ్చాయి. అది కూడా నా అదృష్టమే అనుకున్నాను.

మా ఆవిడ లలిత ప్రభుత్వ బడిలో టీచరు. పుస్తకం మొత్తం చదివింది. బాగుందంది. వస్తానంది. కానీ వాళ్లమ్మను కూడా తీసుకుపోదామంది.

మా అత్తమ్మ పేరు సైదమ్మ. మిర్యాలగూడ పక్కన వేములపల్లిలో ఒక్కతే ఉంటుంది. అప్పటికి అరవై దగ్గర పడుతున్నా, నాట్ల కాలం వచ్చిందంటే ఊళ్లో ఆడవాళ్లందరి కంటే ముందు పొలంలో దిగేది. నేను నా పట్టికలు చూపించి, రోజుకు పద్నాలుగు కిలోమీటర్ల నడక, ఆమె తట్టుకుంటుందా అని అడిగాను. లలిత నా పొట్ట వైపు చూసింది. నేను వెళ్లి అయిదో పేజీలో ఒక వరుస చేర్చాను: "అత్తమ్మ: కారు దగ్గర విశ్రాంతి."

బయలుదేరిన రోజు తెల్లవారుజామునే కారెక్కి, దారంతా నేను పుస్తకం ఒళ్లో పెట్టుకుని ప్రసాద్‌కు దారి చెప్పడం, ఆయన ఫోన్ చూసుకుని నడపడం, ఇలా సాగి మధ్యాహ్నానికి మొదటి అడవి గేటు దగ్గరికి చేరాం. గేటుకు తాళం. పక్కన కుర్చీలో యాభై ఏళ్ల గార్డు కూర్చుని ఉన్నాడు.

"అడవి బంద్ సార్" అన్నాడు లేచి నిలబడి. "వానకాలం మూడు నెలలు ఎవల్నీ పంపం. ఒకటో తారీకు తెరుస్తరు."

మా తిరుగు ప్రయాణం ముప్పయ్యో తారీకు. నేను కంగారుపడలేదు. ఏదో పొరపాటు పడుతున్నాడు పాపం అనుకుని పుస్తకం చేతికిచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, నిలబడే, ఒక్కో పేజీ తిప్పుతూ చదివాడు. ఆయన చదివినంత శ్రద్ధగా నా విద్యార్థి ఒక్కడు చదివి ఉంటే మా కాలేజీకి స్టేటు ర్యాంకు వచ్చేది.

"గీ మ్యాపు మీరే గీసిండ్రా సార్? మా ఆఫీసుల గూడ గింత మంచిది లేదు."

నేను కొంచెం పొంగాను. తొమ్మిదో పేజీ దగ్గర ఆయన ఆగాడు. 'ఉదయం ఏడు నుంచి పదకొండు వరకు: పులుల ప్రాంతంలో నడక' అని అక్కడ రాసి ఉంది. దాని కిందే డేరా బొమ్మ.

"సార్, గిదైతే ఒకటో తారీకు వచ్చినా కాదు" అన్నాడు మెల్లగా, నొప్పించకుండా. "లోపల జీపు దిగనియ్యం. గాడ నడిసేటివి అవి, కూసునేది మనం. డేరా అయితే అసలే లేదు. ఏ పులుల అడవికి పోయినా గిదే మాట."

అంటే మిగతా మూడు అడవులు కూడా పోయినట్టే. ఆయన పుస్తకం మూసి, రెండు చేతులతో, ప్రసాదం ఇచ్చినట్టు నాకు తిరిగి ఇచ్చాడు. "అన్నీ రాసిండ్రు సార్. ఒక్క ఫోన్ చేస్తే అయిపోతుండె."

ఆ మనిషి మర్యాదను నేను ఇప్పటికీ తలుచుకుంటాను. నవ్వడానికి ఆయనకు అన్ని హక్కులూ ఉన్నాయి. ఆయన నవ్వలేదు. ప్రసాద్ మాత్రం టైర్లలో గాలి చూస్తానని కారు వెనక్కి వెళ్లి చాలాసేపు రాలేదు. నాలుగు టైర్లకు అంత సమయం పట్టదని నాకు తెలుసు.

లలిత తిట్టి ఉంటే బాగుండేది. కారులోంచి దిగి, గేటు అవతలి చెట్ల వైపు చూస్తూ, "పెండ్లయి ఎనిమిదేండ్లాయె. ఒక్కపాలి గూడ యాడికి పోలే. నీ పుస్తకం సూసి నమ్మిన" అంది. అంతే. నా పరువు సంగతి నవ్వులాటే గాని, ఆ మాట దగ్గర నాకు నవ్వు రాలేదు. గేటు పక్కనే చిన్న హోటలుంటే అక్కడ కూర్చుని, ఎవరి చాయ్ వాళ్లు, ఎవరి మొహం ఎవరూ చూడకుండా తాగాం.

అప్పుడు చూసుకుంటే అత్తమ్మ లేదు.

రోడ్డుకు అవతల పత్తి చేను. అందులో ఏడెనిమిది మంది ఆడవాళ్లు కలుపు తీస్తున్నారు. వాళ్ల మధ్యలో, మా అత్తమ్మ. మేము గార్డుతో మాట్లాడుతున్నప్పుడే రోడ్డు దాటి, చీర కుచ్చిళ్లు దోపుకుని, ఒక వరుస పట్టుకుని వాళ్లతో పాటు కలుపు తీస్తూ ముచ్చట పెడుతోంది. వాళ్ల మాట వేరు, యాస వేరు. అయినా మా చాయ్ అయ్యేసరికి ఆమె వరుస అయిపోయింది, పని కూడా అయిపోయింది.

చేతులు కడుక్కుంటూ వచ్చి చెప్పింది. ఆ ఆడవాళ్ల ఊరు దగ్గరే, అడవి బయట. ఊరి వెనక పెద్ద గుట్ట. ఆ గుట్ట మీదికి అందరూ పశువుల్ని తోలుకుపోతారు, ఎవరూ ఏమీ అనరు. గుట్ట కింద ఒకామెకు ఖాళీ జాగ ఉంది, చేతి పంపు ఉంది, మనం ఉండొచ్చంది. నేను నోరు తెరుచుకుని గార్డు వైపు చూశాను. ఆ గుట్ట మాది కాదు, పోవచ్చు అన్నట్టు ఆయన తలూపాడు. మూడు నెలల్లో నాకు దొరకనిది ఆమెకు ఒక పత్తి సాలులో దొరికింది.

అక్కడికి చేరేసరికి మబ్బు పట్టింది. పోయిన పరువును డేరాతోనైనా నిలబెడదామని నేను డేరా సంచి విప్పాను. గుడ్డ ఉంది, మేకులు ఉన్నాయి, తాళ్లు ఉన్నాయి. కర్రలు లేవు. సంచి తలకిందులుగా దులిపాను. లేవు. పదిహేను రోజుల కింద అనంతగిరిలో ప్రసాద్ వాళ్ల మామిడితోటలో నేనే ఒకసారి డేరా వేసి చూసుకున్నాను. అది గుర్తొచ్చి ఆయన వైపు తిరిగాను.

ప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. "మీరు అక్కడే వదిలేసి వచ్చారు మాస్టారూ. మా నాన్న వాటిని చిక్కుడు పందిరికి నిలబెట్టారు. సన్నగా, గట్టిగా భలే ఉన్నాయని మురిసిపోయారు. అవి ఈ డేరావని మాకు తెలియదండి."

కర్రల్లేని డేరా ఎలా ఉంటుందో మీకు తెలియకపోవచ్చు. దుప్పటిలా కూడా ఉండదు. దుప్పటి కనీసం కప్పుకోవడానికి పనికొస్తుంది. మొదటి చినుకులు దాని మీదే పడ్డాయి.

అత్తమ్మ కారు డిక్కీలో అడుగున చెయ్యి పెట్టి, మడతలు పెట్టిన నీలం పట్టా ఒకటి లాగింది. వడ్లు ఆరబోసే టార్పాలిన్. ఇంటి నుంచి ఎప్పుడు పెట్టిందో నాకు తెలియదు. ఒక కొస కారుకు, ఒక కొస వేపచెట్టుకు కట్టింది. ఊళ్లోంచి తెచ్చిన రెండు గుంజలు పాతింది. వాన నీళ్లు ఎటు పోవాలో చూసి పారతో చిన్న కాలువ తీసింది. చెమట పట్టకుండా, నన్ను పక్కకు జరగమని కూడా అనకుండా. వాన గట్టిగా పట్టేసరికి మేము నలుగురం పట్టా కింద పొడిగా కూర్చుని ఉన్నాం. మూడు రాళ్ల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. చాలాసేపటికి లలిత నా మీదకు ఒరిగి, పచ్చి పులుసు అన్నం తింటూ, "మంచిగనే ఉంది" అంది. అది నా గురించా, పులుసు గురించా అని నేను అడగలేదు.

మర్నాడు పొద్దున గుట్ట ఎక్కాం. నేను కొత్త బూట్లు వేసుకుని, వీడియోలో దొరలాగా పెద్ద సంచి తగిలించుకున్నాను. అత్తమ్మ రబ్బరు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచింది. సగం దూరంలో నా మడమల తోలు లేచిపోయి, ఊపిరి ఈలలు వేస్తూ, ఒక బండ మీద కూలబడ్డాను. మీరు పొండి, నేను ప్రకృతిని చూస్తూ ఉంటానన్నాను. నిజానికి నాకు చుక్కలు తప్ప ఏ ప్రకృతీ కనపడటం లేదు.

ముందు వెళ్లిన ఆమె వెనక్కి దిగి వచ్చింది. నా సంచి తీసి తలకెత్తుకుంది. "లెవ్వు బిడ్డా. ఊపిరి ముక్కుతోని పీల్చు, మెల్లగ రా" అని, నా అడుగులకు సరిపోయేలా తన నడక తగ్గించుకుని ముందు నడిచింది. తలమీద సంచి కదలలేదు. అయిదో పేజీలో నేనేం రాశానో గుర్తొచ్చి, ఆమెకు చదవడం రాకపోవడం ఎంత మేలో అనుకున్నాను.

పైకి చేరాం. కింద, అటు వైపు, మమ్మల్ని రానివ్వని అడవి మొత్తం కనపడింది. వానకు కడిగినట్టు, కంటి చూపు ఆగేదాకా పచ్చగా. ఆమె సంచి దించి చాలాసేపు అలాగే నిలబడింది.

"నలభై ఏండ్లు నాట్లేసిన బిడ్డా" అంది, మా ఎవరి వైపూ చూడకుండా. "నాటేసేటప్పుడు వంగి ఎనక్కే నడుస్తం. నడుం లేపి, గింత దూరం ముందుకు నడిసింది ఇయ్యాల్నే."

నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. చెమట అని చెప్పాను. ప్రసాద్ కూడా తుడుచుకున్నాడు, ఆయనకు కళ్లజోడు లేదు.

ఆ తర్వాత ఎక్కడికి పోవాలో ఆమే చెప్పింది. పొలంలో ఎవరు కనపడితే వాళ్లను అడగడం, వాళ్లు చూపించిన గుట్ట ఎక్కడం, వాళ్ల జాగలో పట్టా కట్టుకోవడం. తొమ్మిది రోజుల్లో ఒక్క నేషనల్ పార్కు లోపల కాలు పెట్టలేదు, అయిదు గుట్టలు ఎక్కాం. చివరి రెండూ నా సంచి నేనే మోసుకుంటూ పైదాకా ఎక్కాను. లలిత ఎనిమిదేళ్లలో నవ్వనంత నవ్వింది, ఎక్కువ భాగం నన్ను చూసే. నా పుస్తకం తడి కట్టెలు రాజేయడానికి బాగా పనికొచ్చింది. గార్డు మెచ్చిన మ్యాపు ఒక్కటి మాత్రం లలిత చించి దాచుకుంది.

అసలు ముప్పు తిరిగొచ్చాక ఉంది. అత్తమ్మను వేములపల్లిలో దించేసరికి వాకిట్లో నాట్ల జట్టు ఆడవాళ్లంతా చేరారు. ఏం చూసొచ్చినవని అడిగారు. నేను తల దించుకుని నా తప్పు ఒప్పుకుందామని నోరు తెరిచాను.

"పులిని సూసినం" అంది అత్తమ్మ. "గీడికీ గా గోడకూ ఎంత ఉంటదో గంత దూరంల నిలవడ్డది. మా అల్లుడు జర గూడ జంకలే. మమ్ముల ఎనకకు నెట్టి తను ముందట నిలవడ్డడు."

అందరూ నా వైపు తిరిగారు. నేను తల దించుకునే ఉన్నాను. అది వినయం అనుకున్నారు. తర్వాత లోపలికి పోయి, అత్తమ్మా ఇదేంటి అని అడిగితే, ఆమె నా కాళ్లకు పసుపూ కొబ్బరినూనె కలిపి ఇస్తూ చెప్పింది: "పులి కనవడలేదంటే నీ తిరుగుడంత దండుగంటరు. కనవడ్డదంటే ఎవలికేం నష్టం?"

నెల తిరక్కుండా మాడుగులపల్లిలో ఒక బడి నుంచి, పులితో నా అనుభవం గురించి పిల్లలకు చెప్పమని పిలుపొచ్చింది. మిర్యాలగూడ బస్టాండులో ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. పోయిన నాట్లప్పుడు పొలం గట్టు మీద విన్నాను, పులులు రెండయ్యాయట. ఒకటి ఆడది, పిల్లల తల్లి.

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుటా కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో యాత్రకు ప్లాను రాయను, రాసినా బైండింగు చేయించను. మా అత్తమ్మ ఎన్ని పులులు అంటే అన్నే. నేను లెక్కల లెక్చరర్‌నే అయినా, ఆ ఒక్క కూడిక మాత్రం సరిచూడను.