పెరట్లోకి వచ్చిన పెళ్లికొడుకు

ఆ బాతంత అనాకారి పక్షిని నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు. ఒళ్లంతా నలుపు, రెక్కల మీద సున్నం చిలికినట్టు తెల్ల మచ్చలు. అంతవరకు బాగానే ఉంది. ముఖం దగ్గరికొచ్చేసరికి కళ్ల చుట్టూ, ముక్కు మొదట్లో ఎర్రటి కండ గడ్డలు గడ్డలుగా పెరిగి ఉండేది. బాతన్న పేరే గానీ బాతులా అరవదు. నోరు తెరిస్తే టైరులోంచి గాలి పోతున్న చప్పుడు. నడిస్తే కుక్కలాగా తోక ఊపుతుంది. ఖానాపూర్‌లో మా ఇంటి వెనక గోడ మీద అది మొదటిసారి వాలినప్పుడు నేను చీపురు పట్టుకుని ఉరికాను.

"కొట్టకే! ఎవరో మెహమాన్ వచ్చిండు!" అని కిటికీలోంచి మా ఆపా అరిచింది.

ఆపా అంటే మా అక్క. మా ఇంట్లో దక్కనీ, తెలుగు కలగలిపి మాట్లాడతాం, నోటికి ఏది ముందొస్తే అది. చుట్టమొచ్చాడన్న ఆ కేక విని చీపురు కింద పడేశాను. బాతు మీద జాలితో కాదు. ఆపా గొంతు అంత గట్టిగా విని చాలా రోజులైంది.

ఆపాకు కడుపులో గడ్డ. కరీంనగర్‌లో ఒక దవాఖానలో కోసి చూసి, మళ్లీ కుట్టేసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. డాక్టరు ఆ మాట చెప్పినప్పుడు గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. బయట బెంచీ మీద కూర్చున్న అమ్మీకి ఉన్నదున్నట్టే చెప్పాను. అమ్మీ అంతా విని, "డాక్టర్లకేం ఎరుక, అల్లాకు ఎరుక," అని బుర్ఖా సర్దుకుని లేచింది. ఇక అప్పటినుంచి ఒకే మంచం దగ్గర మేమిద్దరం ఇద్దరు వేర్వేరు మనుషులకు సేవ చేస్తున్నట్టు ఉండేది. అమ్మీ బతకబోయే బిడ్డకు చేసేది. నేను పోబోయే మనిషికి చేసేదాన్ని.

ఆపా మొగుడు ఉట్నూర్‌లో జీపు నడుపుతాడు. ఆమెను మా వాకిట్లో దించి, బట్టల సంచి చేతికిచ్చి, సవారీలు ఎదురుచూస్తున్నారని చెప్పి వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే రేపొస్తానంటాడు. ఆ రేపు ఎప్పుడూ రాలేదు. మా అబ్బా పోయి ఏళ్లయింది. ఇంట్లో మిగిలింది అమ్మీ, నేను, నా కుట్టు మిషను.

అక్క భర్తను మావాళ్లు దుల్హేభాయ్ అంటారు. ఆపా ఆ పిలుపును మొగుడి దగ్గర్నుంచి ఊడబెరికి బాతుకు పెట్టింది.

"చూడే, మీ దుల్హేభాయ్ వచ్చిండు. ఇంక సెహరా గూడ తియ్యలే!"

నికా రోజు పెళ్లికొడుకు ముఖం మీద వేలాడదీసే పూల తెర సెహరా. ఆ ఎర్ర గడ్డల ముఖం చూసి అట్లా అనాలంటే ఎంత ప్రేమ ఉండాలి, ఎంత కసి ఉండాలి! నేను నవ్వీ నవ్వీ కుట్టు తప్పాను. ఎవరిదో జాకెట్టు, చంక దగ్గర మొత్తం విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చింది.

ఎండలు ముదిరిన కాలం. పెరట్లో బోరు దగ్గర బట్టలుతికే బండ కింద ఎప్పుడూ కాసిన్ని నీళ్లు నిలిచి ఉంటాయి. అది వాటికోసమే వచ్చేది. మధ్యాహ్నం నమాజు అయ్యాక గోడ మీదినుంచి దబ్బున దిగి, బాగా తిన్న సేటు మెట్లు దిగినట్టు ఒక్కో అడుగూ చూసి వేసుకుంటూ వచ్చేది. స్టీలు బకెట్‌లో తన ముఖం చూసుకుని బుసకొట్టేది. కాసేపటికి మనసు మార్చుకుని అదే ముఖానికి తల ఊపి మర్యాద చేసేది. కిటికీలో ఆపా కనిపిస్తే చాలు, నడినెత్తి మీద ఈకలు నిక్కబొడుచుకునేవి.

"నన్ను చూస్తే దీనికి జుట్టు లేస్తది," అనేది ఆపా. "మీ అసలు బావకైతే నన్ను చూసి మంచం మీదికెల్లి లేవబుద్ధి గూడ కాకపోయేది."

అన్నం తెస్తే చేత్తో తోసేసే మనిషి పళ్లెం తెమ్మని అడగడం మొదలుపెట్టింది. ముందు తను పెట్టించుకుంటే కదా బాతుకు మిగిలేది. తనో ముద్ద తినడం, మిగతాది కిటికీ ఊచల్లోంచి కిందికి విదిలించడం. అన్నం మెత్తగా వండి పప్పు కలిపి ఇచ్చేదాన్ని, ఎవరి కడుపులోకి పోయినా సరే అనుకుని. ఒకరోజు తల దువ్వమంది. పెళ్లికొడుకు ముందు ఇట్ల చింపిరి జుట్టుతోటి కూసుంటనా అని దబాయించింది.

ఆశ అంటే నాకు పడదు. కడుపు నింపదు, పైగా నిద్ర పోనివ్వదు. ఆ బాతును చూసి నేను పెట్టుకున్నది ఆశ కాదు. ఆపా బతికి బట్టకడుతుందని ఏనాడూ అనుకోలేదు. ఉన్నన్ని రోజులు మధ్యాహ్నమయ్యేసరికి ఎదురుచూడటానికి ఆమెకంటూ ఒకటుంటే చాలనుకున్నాను. అంతకు మించి నేను దేవుణ్ని ఏమీ అడగలేదు.

అమ్మీ మాత్రం అడుగుతూనే ఉంది. మాలో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే సద్ఖా ఇస్తారు. కోడినో మేకనో తెచ్చి, జబ్బు మనిషి చెయ్యి దాని మీద పెట్టించి, జబా చేయించి, అంటే అల్లా పేరు మీద కోయించి, మాంసం లేనివాళ్లకు పంచుతారు. ఇంటివాళ్లు ఒక్క ముక్క కూడా ముట్టరు. మనిషి మీదికొచ్చిన బలా, ఆ గండం, ఆ జీవంతో పోవాలని నమ్మకం. అమ్మీ అప్పటికే ప్రతి శుక్రవారం జుమ్మాకు ఒక కోడిని ఇస్తోంది. ఆపాను లేపి బాధపెట్టడం ఎందుకని, ఆమె దుపట్టా కొంగు కోడికి తాకించి పట్టుకుపోయేది.

ఒకరోజు ఆడవాళ్లంతా కూడి దువా చేసే చోటికి వెళ్లొచ్చి, నా మిషను పక్కన కూలబడింది.

"బజార్ల కొన్న కోడి ఇస్తే ఏమైతది? మనకు పానం లెక్క ఉన్నది ఇయ్యాలెనంట. అప్పుడే అల్లాకు ఖబూల్ అయితదంట," అంది.

నేను విననట్టే మిషను తొక్కాను. ఈ ఇంట్లో ప్రాణంతో సమానమైనది ఇంకేం మిగిలిందని ఇస్తావులే అని లోపల విసుక్కున్నాను.

ఆ తర్వాత అమ్మీ ఎండలో గల్లీ గల్లీ తిరిగి బాతు ఎవరిదో కనుక్కుంది. కాలువ పక్కన చేపలు పట్టేవాళ్లు పెంచుకుంటున్నారట. సొమ్ము మనది కాకపోతే సద్ఖా చెల్లదు, అందుకని వాళ్ల దగ్గర కొనుక్కుని చంకలో పెట్టుకుని వచ్చింది. నాకు ఆ సంగతి అప్పుడు తట్టలేదు. ఆపా కోసం కొన్నదనుకున్నాను. అమ్మీ మీద అంత ప్రేమ నాకు ఎన్నడూ పుట్టలేదు. రాత్రిపూట దాన్ని రేకుల కింద ఏ మూల గంప బోర్లించి ఉంచాలో కూడా చూసి పెట్టుకున్నాను.

అమ్మీ దాన్ని నేరుగా ఆపా మంచం దగ్గరికి తీసుకెళ్లింది.

"యా అల్లా! దుల్హేభాయ్ ఏకంగ ఇంట్లకే వచ్చిండు!"

"చెయ్యి పెట్టు బేటా. జర నెత్తి మీద చెయ్యి పెట్టు," అంది అమ్మీ. గొంతు పీలగా ఉంది. ఎండన పడి వచ్చింది కదా అనుకున్నాను.

ఆపా చెయ్యి పెట్టింది. నెత్తి నిమిరింది. ఆ ఎర్ర గడ్డలు మెత్తగా ఉన్నాయా గట్టిగా ఉన్నాయా అని వేలితో నొక్కి చూసింది. బాతు బుసకొట్టి, తోక ఊపి, తీరిగ్గా దుప్పటి మీద రెట్ట వేసింది. ఆపా పొట్ట పట్టుకుని నవ్వింది, నొప్పి లేచి ఆగింది, మళ్లీ నవ్వింది. అమ్మీ పెదవులు కదులుతూనే ఉన్నాయి, ఏదో దువా చదువుకుంటోంది. అదీ సంతోషమేననుకున్నాను.

దుప్పటి మార్చి, పాడైనదాన్ని పెరట్లో జాడించి వచ్చేసరికి అమ్మీ లేదు, బాతూ లేదు. పొద్దుగూకే వేళకు ఉత్తచేతులతో తిరిగొచ్చి, బోరు దగ్గర మోచేతుల దాకా కడుక్కుంది.

"బాతేదమ్మీ?"

"సద్ఖా ఇచ్చిన. జబా చేపిచ్చి పంచిపెట్టి వచ్చిన."

"నీకు దిమాగున్నదా? దాన్ని చూసుకుంటనే ఇంత తింటుండె, ఇంత నవ్వుతుండె! ఉన్న ఒక్కటి గుంజుకుంటివి గదా!" లోపల ఆపా వింటుందని గొంతు నొక్కుకునే అరిచాను.

"నాకు ఎరుక లేదా బేటా," అంది అమ్మీ. "ఎరుకుండే ఇచ్చిన. నాది ఏదిచ్చినా అల్లా తీసుకుంటలేడు. ఇంక నేనేం ఇయ్యాలె?"

కోపం చల్లారలేదు, కానీ దాన్ని ఎవరి మీద పోయాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

ఆపాకు చెప్పలేదు. బాతును కాలువ దగ్గర దాని ఇంటికి వదిలేసి వచ్చామన్నాం. మధ్యాహ్నం అయ్యేసరికి ఆమె పళ్లెం ఒళ్లో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేది. పళ్లెంలో అన్నం ఎండి పెచ్చు కట్టేది. "ఇది గూడ మీ బావ జాతే. రేపొస్తా అన్నదా?" అని నన్ను అడిగేది. నేను మిషను చప్పుడు పెంచేదాన్ని.

మసీదు గల్లీలో ఒంటరిగా ఉండే ముసలి ఖాలా ఒకావిడ సద్ఖా మాంసం తీసుకున్నవాళ్లలో ఉంది. పాపం ఆమె మంచికే వచ్చింది. మంచం పక్కన కూర్చుని ఆపా నెత్తి మీద చెయ్యి వేసింది.

"అల్లా నీకు షిఫా ఇయ్యాలె, నయం చెయ్యాలె బిడ్డా. నీ పేరు మీద మీ అమ్మీ ఇచ్చిన బాతు మాంసం తిని ఎన్ని దువాలు చేసిన్నో."

ఖాలా గడప దాటి వెళ్లిపోయింది. ఆపా అమ్మీ వైపు తిరిగింది.

"ఆ దినం నా చెయ్యి గందుకే పెట్టిచ్చినవా?"

అమ్మీ తల ఊపింది. ఏడవలేదు. బిడ్డ ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఆపా నోటికొచ్చినట్టు తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. ఆపా మాత్రం, "గందుకేనేమో అమ్మీ, జర హల్కా అనిపిస్తుంది," అంది.

ఒళ్లు తేలికైందన్నది పచ్చి అబద్ధం. ఆ పొద్దున ఆమె వాంతులు ఎత్తిపోసింది నేనే. కానీ అమ్మీ నమ్మింది. ఆపా అరచేతులు తీసుకుని కళ్లకద్దుకుంది. చాలా కాలం తర్వాత ఆ పూట అమ్మీ కడుపునిండా తిన్నది. తిని వచ్చి, మంచం పట్టె మీద కూర్చుంది.

"ఇంక నీకేం ఇష్టం బేటా? దాచుకోకు, చెప్పు. అదీ ఇచ్చేద్దాం. పూర నయమైతది."

"ఏం లేదమ్మీ," అంది ఆపా. "నాకిప్పుడు ఏదీ ఇష్టం లేదు."

ఆ మాట మీదే నిలబడింది. మంచం గోడవైపుకు తిప్పమంది. జామచెట్టు మీద ఉడత కనిపిస్తే తల తిప్పుకునేది. పక్కింటి మేకపిల్ల గంతులేస్తూ గడప దాకా వస్తే, దగ్గరికి పిలవకుండా తరిమెయ్యమనేది. పళ్లెం మళ్లీ అడగలేదు. ఆ వానకాలం మొదట్లోనే పోయింది.

పోయే కొద్ది రోజుల ముందు, మిషను ఆపి ఆమె పక్కన చేరి కాళ్లు ఒత్తుతున్నాను. వంటింట్లోంచి అమ్మీ తొంగి చూసింది. ఆపా చప్పున కాళ్లు ముడుచుకుంది.

"జర దూరం కూసోవే," అని గుసగుసగా అంది. "నువ్వంటే నాకెంత ఇష్టమో అమ్మీకి ఎరుకైతే నీ పానానికి ఖైర్ లేదు."

ఎప్పట్లాగే ఆటపట్టిస్తోందనుకుని నేను నవ్వాను. ఆపా నవ్వలేదు. నేను లేచి దూరం జరిగిందాకా చూసి, గోడవైపు తిరిగి పడుకుంది.