పెట్టెలు రాకపోవడానికి నేను చెప్పిన కారణం

రాస్తున్నావా అమ్మలూ? మీ నానమ్మ గబగబా చెప్పేస్తుంది, నువ్వు నెమ్మదిగా రాసుకో. మధ్యలో ఆగిపోతే మాత్రం నన్ను వదలకు. ఇది చెప్పాలని కూర్చున్నప్పుడల్లా పొయ్యి మీద ఏదో ఉందని లేచిపోతున్నాను.

ఈ బహ్రెయిన్‌లోనే, గుదైబియాలో ఈ ఫ్లాట్‌కి రాకముందు నేను ఒక ఇంగ్లీషాయన ఇంట్లో వంట చేసేదాన్ని. సారుకి మామీర్‌లో చిన్న వర్క్‌షాపు ఉండేది. పెద్ద పైపులకి పెట్టే వాల్వులు ఇంగ్లండు నుంచి తెప్పించి కంపెనీలకి అమ్మేవారు. మీ నాన్న అక్కడే సామాన్లు ఎత్తి దించే పనిలో ఉండేవాడు.

ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఎప్పుడూ ఒకటే గొడవ. సారు పుట్టిన ఊళ్లో వాల్వులు పోతపోసే ఫ్యాక్టరీ ఉండేదట. వాళ్ల నాన్న అందులోనే పనిచేశాడట. అది మూతపడింది. ఎవరివల్ల మూతపడింది అన్నదే గొడవ. యూరప్ వాళ్ల రూల్సే మమ్మల్ని ముంచాయని సారు అనేవారు. కాదు, మన గవర్నమెంటే ఎప్పుడో ఆ ఫ్యాక్టరీలని గాలికొదిలేసింది, యూరప్‌ని అంటే ఏం లాభం అని మేడం. ఇద్దరూ నావైపు చూసేవారు. సారు కంచంలో కూర వేసేటప్పుడు సారుకి అవుననేదాన్ని, మేడం కంచం దగ్గరికెళ్లి మేడంకి అవుననేదాన్ని. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకి అదే అలవాటు. నవ్వకు, రాయి.

యూరప్‌తో ఉండాలా, బయటికి రావాలా అని వాళ్ల దేశంలో ఓట్లు పెట్టారు కదా. సారు డైనింగ్ టేబుల్ దగ్గరే కూర్చుని కాగితం మీద గుర్తు పెట్టి, కవరు అంటించి నాకిచ్చారు. నేనే పోస్టులో వేసొచ్చాను. తను కోరుకున్నట్టే అయిందని నాచేత కేకు చేయించారు. మేడం ఆ కేకు ముట్టుకోలేదు.

బయటికి వచ్చేశాక మొదలైంది. ఫ్యాక్టరీ మూతపడింది కాబట్టి పోత ముక్కలు జర్మనీ నుంచి ఇంగ్లండు వెళ్లి, అక్కడ బిగించాక మనకి వచ్చేవి. ఆ రెండు దేశాల మధ్య కొత్త కాగితాలు వచ్చిపడ్డాయి. పెట్టెలు వారాల తరబడి అక్కడే ఉండిపోయేవి. ఇదంతా నాకు చెప్పింది వర్క్‌షాపు స్టోర్‌కీపరు. జగిత్యాల దగ్గర పల్లె అతనిది. సారు సంతకాల కోసం ప్రతి గురువారం ఇంటికి వచ్చేవాడు. వంటగది గుమ్మం దగ్గర కూర్చోబెట్టి అన్నం పెట్టేదాన్ని. గదికి తీసుకెళ్లడానికి క్యారేజీ కట్టిచ్చేదాన్ని.

ఒక గురువారం అన్నం కలుపుతూ చెప్పాడు. "గా జర్మనీ పెట్టెకు ఇంకో కాగితం గావాల్నట అమ్మా. అండ్ల ఒక్క నంబరు తప్పున్నా ఆడ్నే ఆపుతున్నరు. సారేమో నన్ను తిడుతుండు. దుబాయిల కూసొని నేను ఇంగ్లండుల ఏం జేస్త?"

వాళ్ల ఊరివైపు గల్ఫ్ అంతా దుబాయే. నేను ఇంకో గరిటె పప్పుచారు పోశాను.

ఆ శనివారం సారు కాఫీ కప్పుతో వంటగదిలోకి వచ్చారు. ఎప్పుడూ రారు. "అతను మీ భాషవాడే కదా. నీతో మాట్లాడతాడు. నిజం చెప్పు, పనిలో బద్ధకమా?" అన్నారు.

పెట్టెలు ఎందుకు రావడం లేదో సారుకి తెలీదా? తన మెయిల్స్ తనే చదువుకుంటారుగా. ఆ ఓటు కవరు పంపింది తనేనని ఒప్పుకోలేక, తప్పు నెత్తిన వేయడానికి ఒక మనిషిని వెతుకుతున్నారు. నాకది తెలిసిపోయింది. తెలిసి కూడా "అవును సార్, కొంచెం అశ్రద్ధ" అన్నాను.

రెండు వారాల్లో అతని వీసా రద్దయింది. ఖలాస్. వెళ్లేముందు క్యారేజీ ఇవ్వడానికి వచ్చాడు. శుభ్రంగా తోమి తెచ్చాడు. ఖాళీది ఇవ్వకూడదని పై గిన్నెలో కాస్త పంచదార పోశాడు. "ఎవలో సారుకు చెప్పిన్రమ్మా, నేను పని చేస్తలేనని" అన్నాడు. అది ఎవరని నన్ను అడగలేదు. నన్నే నమ్మి నాకే చెప్పుకుంటున్నాడు. నేను క్యారేజీ తీసుకుని, జాగ్రత్తగా వెళ్లు నాయనా అన్నాను. ఆ పంచదార మా ఇంట్లో ఎవరికీ పెట్టలేకపోయాను. పారబోయనూ లేకపోయాను.

ఆగు, ఇందాక ఒక మాట మింగేశాను. అదీ రాయి. అశ్రద్ధ అన్న తర్వాత ఇంకో మాట అన్నాను. "మా అబ్బాయి అయితే జాగ్రత్తగా చేస్తాడు సార్." స్టోరు తాళాలు మీ నాన్న చేతికి అలా వచ్చాయి. జీతం పెరిగింది, మీ అమ్మనీ నిన్నూ ఇక్కడికి తెచ్చుకున్నాడు. వాడి కష్టం చూసి సారు ఇచ్చారనే ఇప్పటికీ అనుకుంటున్నాడు.

పెట్టెలు మాత్రం అలాగే ఆలస్యమయ్యాయి. ఏడాది తిరక్కుండానే సారు మళ్లీ వంటగదిలోకి వచ్చారు, మీ అబ్బాయి ఏం చేస్తున్నాడక్కడ అని. అప్పుడు నా నోట్లోంచి గడగడా వచ్చేశాయి జర్మనీ, కాగితాలు, తప్పు నంబర్లు, అన్నీ. ఆ స్టోర్‌కీపరు నాకు చెప్పిన మాటలే. సారు సాకులు చెప్పకు అన్నారు. ఆ తర్వాత వర్క్‌షాపు మూసేసి వాళ్ల ఊరు వెళ్లిపోయారు.

ఆ స్టోర్‌కీపరు నంబరు నా ఫోన్‌లో ఉంది. చాలాసార్లు తీసి చూశాను. ముందు నువ్వు ఇదంతా మీ నాన్నకి చదివి వినిపించు. నేను పక్కనే ఉంటాను, వంటగదిలోకి పోను. వాడు విన్నాక ఆ నంబరు నువ్వే కలిపివ్వు.