బకెట్లో మిగిలిన జాయింటు

పలాసలో మా మోటారు మేస్త్రి పోయారు. ఆ కబురు అమ్మ ఫోన్‌లో చెప్పేసరికి నేను విశాఖ రేవులో, సముద్రంలోంచి అప్పుడే పైకి తీసిన యంత్రాన్ని మంచినీళ్లతో కడుగుతున్నాను. "కోపముంటే ఉంచుకో. ఓపాలి వచ్చి ఆ గుమ్మం తొక్కి ఎల్లిపో" అంది అమ్మ. రెండేళ్లుగా నేను ఆయనతో మాట్లాడలేదు.

నా పనేమిటో ముందు చెప్పాలి. మనిషి దిగలేని లోతుకు పొడవాటి కేబుల్‌తో ఒక యంత్రాన్ని దించి, ఓడ మీద కూర్చుని నడుపుతారు. దాన్ని ఆర్‌ఓవీ అంటారు. నేను దానికి టెక్నీషియన్‌ని. ఈ ఉద్యోగానికి ఏం నేర్చుకోవాలని మా ఉద్దానం పిల్లలు అడుగుతుంటారు. కరెంటు పని, ఎలక్ట్రానిక్స్, హైడ్రాలిక్స్, కొంచెం కంప్యూటర్ అని చెబుతాను. అవి టెక్కలిలో డిప్లొమా చదువుతూ నేర్చుకున్నాను. కానీ అన్నిటికంటే ముందు రావలసింది, నీళ్లలో మునిగినా చెడని కేబుల్ జాయింటు వెయ్యడం. అది నాకు నేర్పింది కాలేజీ కాదు, మేస్త్రి.

అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేసేది. చిన్నప్పుడు ఆమె పని అయ్యేదాకా ఎదురుగా ఉన్న మేస్త్రి కొట్టులో కూర్చునేదాన్ని. ఆయన్ని మావా అనేదాన్ని, ఆయన భార్యని అత్తా అని. బోరుబావుల్లో కాలిపోయిన మోటార్లు ఆయన దగ్గరికి వచ్చేవి. కేబుల్‌లోని మూడు తీగలనూ ఒకేచోట కలపనిచ్చేవారు కాదు. ముడికీ ముడికీ మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉండాలి. రుద్ది శుభ్రం చేసిన రాగిని చేత్తో ముట్టుకుంటే ఊరుకునేవారు కాదు, చెమట తగిలితే లోపల కుళ్లిపోతుందని. జాయింటుకు టేపు చుట్టడం అయ్యాక, మిగిలిన టేపు చుట్ట చివర కొంచెం మడిచిపెట్టేవారు, తర్వాత వాడేవాళ్లు గోళ్లతో వెతుక్కోకుండా. ఆపైన జాయింటు ఉప్పునీళ్ల బకెట్లో ఒక పగలంతా నానాలి. అప్పుడు మెగ్గర్ అనే మీటరు తగిలించి, కరెంటు నీళ్లలోకి కారుతోందేమో చూడాలి. ముల్లు పై చివర నిలిస్తే కారడం లేదన్నట్టు.

"ఒలే గుంటా, నీటికి మొహమాటం నేదు. ఎంట్రుకంత సందిస్తే సాలు, దూరిపోద్ది."

"నా జాయింట్లో సందెక్కడుంది మావా?"

"అది నువ్వు సెప్పకు. బకెట్టు సెప్తాది."

మా ఇంట్లో నాకు ముందు ఎవరూ బడికి వెళ్లలేదు, ఉద్యోగం ఫోన్ వస్తే మాట్లాడేవాళ్లు లేరు. అందుకే దరఖాస్తుల్లో రెండో ఫోన్ నంబరు అడిగిన చోట ఆయన కొట్టు నంబరు రాసేదాన్ని. ఒక కంపెనీ నన్ను ఆర్‌ఓవీ శిక్షణకు ఎంపిక చేసి, నా ఫోన్ కలవక ఆ నంబరుకు చేసింది. ఆ సంగతి నాకు తెలియదు. నెల రోజులు ఎదురుచూసి నేనే అడిగితే, "మీరు రారని మీ మావయ్యగారు చెప్పారండీ. వేరేవాళ్లని తీసేసుకున్నాం" అన్నారు.

కొట్టుకు వెళ్లాను. ఆయన కాయిల్ చుడుతున్నారు. తలెత్తలేదు.

"ఓడ మీద అందరూ మగోళ్లే. ఆడగుంటవి, ఏటి సేత్తావక్కడ?"

"నిజం సెప్పు మావా."

చెయ్యి ఆగింది. "నువ్వెల్లిపోతే ఈ కొట్టెవులు సూత్తారు?"

మొదట చెప్పిన సాకు కంటే ఆ నిజమే ఎక్కువ కాల్చింది. ఇన్నేళ్లూ అంత శ్రద్ధగా నేర్పింది నన్ను తన బల్ల దగ్గర కట్టేసుకోడానికేనా?

మరుసటి ఏడాది ఇంకో కంపెనీ పిలిచింది. అక్కడ అందరిచేతా జాయింటు వేయించి నీళ్లతొట్టిలో పడేశారు. నాది నిలిచింది. ఎవరు నేర్పారని అడిగారు. "కాలేజీలో" అన్నాను. కావాలనే అన్నాను. ఈరోజు నేను తింటున్న అన్నం ఆయన నేర్పిన పనిదే. అది తెలిసి కూడా నా కోపం తగ్గలేదు.

ఆయన పోయిన మూడో రోజున పలాస వెళ్లాను. మేస్త్రి భార్య కొట్టు తాళం నా చేతిలో పెట్టింది. "అక్కుపల్లి రైతు మోటారు కోసం తిరుగుతన్నాడమ్మా. కొబ్బరి మొక్కలు మాడిపోతన్నాయంట. ఈ పని నీకు తప్ప ఎవులికీ తెల్దు."

బల్ల కింద బకెట్లో ఆ మోటారు జాయింటు ఇంకా నానుతోంది. ఆయన వేసిన ఆఖరుది. మెగ్గర్ తగిలించి హ్యాండిల్ తిప్పాను. ఎక్కడో ఒకచోట కారుతుండాలని కోరుకున్నాను. ముల్లు పై చివరికి వెళ్లి అక్కడే నిలబడింది. మళ్లీ తిప్పాను. మళ్లీ అక్కడే.

"బాగుందా అమ్మా?" అని గుమ్మంలోంచి రైతు అడిగాడు.

"బాగుంది. తీసుకెళ్లండి."

తాళం అత్తకు తిరిగి ఇచ్చేద్దామని లేచాను. బల్ల మీద టేపు చుట్ట ఉంది. దాని చివర మడిచి ఉంది.