అమ్మ పాట మీద వేణువు

సినిమా సంగీతం గురించి ఎవరైనా మురిసిపోతూ మాట్లాడితే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. హోటల్లో చాయ్ సగం తాగి ఉన్నా సరే, లేచి వచ్చేస్తాను. తెలిసినవాళ్లు నా వెనక నవ్వుకుంటారు. నవ్వరా మరి! నారాయణఖేడ్‌లో ఆ పిచ్చి అందరికంటే ఎక్కువ ఉన్నవాణ్ణి నేనే.

బస్టాండు దగ్గర నాకు క్యాసెట్ల దుకాణం ఉండేది. ఇప్పుడు అదే మడిగెలో ఫోన్లకు కవర్లు అమ్ముతున్నాను, పగిలిన గ్లాసులు మారుస్తున్నాను. అప్పట్లో మనూర్, సిర్గాపూర్, నాగల్‌గిద్ద నుంచి జనం చీటీల మీద పాటలు రాసుకొచ్చి ఖాళీ క్యాసెట్లలో నింపించుకునేవారు. నాగల్‌గిద్ద వాళ్లకైతే ఒక వైపు తెలుగు, రెండో వైపు కన్నడం. వాళ్లడిగినవన్నీ నింపాక చివర్లో కాస్త జాగా మిగిలితే, అడక్కుండానే ఏదో ఒక సినిమాలోని నేపథ్య సంగీతం ముక్క ఎక్కించేవాణ్ణి. నా తరఫున కానుక అన్నమాట. ఒకాయన ఆ కానుకను వాపసు తెచ్చాడు. "గిదేందే, పాట లేదు, మాట లేదు, ఉత్త పీపీ అంటుంది" అన్నాడు. "నీ చెవులకు అదృష్టం లేదు పో" అని తిట్టి పంపాను. గిరాకీని తిట్టడంలో నాకు మొహమాటం ఉండేది కాదు.

దుకాణంలో చిన్న టీవీ ఉండేది. సినిమాలో ఏడుపు సీను రాగానే శబ్దం మొత్తం తగ్గించేసి, ఎదురుగా ఉన్నవాణ్ణి అడిగేవాణ్ణి: "ఇప్పుడు చెప్పు, ఆమె ఏడుస్తుందా, ఉల్లిగడ్డ కోస్తుందా?" వాడు తెల్లమొహం వేసేవాడు. మెల్లగా శబ్దం పెంచేవాణ్ణి. వయొలిన్లు అందుకోగానే వాడి మొహం మారిపోయేది. ఏం జరుగుతుందో బొమ్మ చెప్తుంది, దానికి మన గుండె ఎట్లా కొట్టుకోవాలో సంగీతం చెప్తుంది. ఇదీ నా సిద్ధాంతం. అది తప్పని ఇప్పటికీ అనను. తప్పు కాకపోవడమే నా ఖర్మ.

అన్నిట్లోకీ ఒక వేణువు ముక్క నాకు ప్రాణం. ఆ సినిమా ఏమంత గొప్పది కాదు, కథ ఎవరికీ గుర్తులేదు. అందులో హీరోయిన్ పుట్టింటి గడప దాటి బండెక్కుతుంది. ఒక్క మాట ఉండదు. ముందు ఒంటరిగా వేణువు వస్తుంది, తర్వాత దాని వెనకే మిగతా వాద్యాలు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. మగాళ్లు కూడా ముక్కు చీదడం హాల్లో నేను చెవులారా విన్నాను.

పక్క మడిగెలో నా చిన్నప్పటి దోస్తు ఫోటో స్టూడియో పెట్టాడు. పెళ్లిళ్లకు వీడియో తీసేవాడు, కంప్యూటర్ మీద మిక్సింగ్ కూడా తనే చేసేవాడు. ఆ రోజుల్లో పెళ్లి వీడియోలో అసలు శబ్దం ఉంచారంటే వాళ్లకు పని రాదనే అనుకునేవారు. పిల్లల ఏడుపులు, జనరేటర్ మోత, వంటవాళ్ల కేకలు, అంతా తీసిపారేసి పైన సినిమా సంగీతం వేయాలి. ఎక్కడ ఏ ముక్క వేయాలో చెప్పడం నా పని. తీరిక ఉంటే పెళ్లికి వెళ్లి లైటు పట్టుకునేదీ నేనే.

ఇక మా అమ్మ సంగతి. పిల్లను అత్తారింటికి పంపేటప్పుడు అప్పగింతల పాట పాడటానికి చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్లయినా అమ్మను పిలిచేవారు. చర్చిలో పెళ్లి చేసుకున్న ఇళ్లవాళ్లు కూడా, బిడ్డను బండెక్కించే ముందు అమ్మ కోసం మనిషిని పంపేవారు. ఆమె పాట ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు. పెళ్లికి ముందు రోజే ఆ ఇంటికి వెళ్లి కూచునేది. పిల్ల ఏ బర్రె పాలు పిండేది, ఎవరితో కొట్లాడేది, ఏ చేన్లో కంది కోసేది, అన్నీ అడిగి తెలుసుకునేది. తెల్లారి అవన్నీ పాటలోకి వచ్చేవి.

పాలిచ్చే బర్రె అడిగితే బిడ్డా ఏమని చెప్పుదునే,
పక్కింటి పోరి పిలిచితే బిడ్డా ఎవరిని చూపుదునే...

ఇట్లా సాగేది. ఏ ఇంటి పాట ఆ ఇంటిదే. పాడిన పాట మళ్లీ పాడేది కాదు. అందుకే ఎవరూ నేర్చుకోలేదు కూడా. పిల్ల తండ్రి ఎంత మొండివాడైనా రెండో చరణానికి కండువా కళ్ల మీదికి పోవాల్సిందే.

మా అక్క పెళ్లికీ అమ్మే పాడింది. కన్నబిడ్డ కదా, గొంతు మధ్య మధ్యలో పూడుకుపోయింది. కొన్ని చోట్ల పాట తెగింది. మిక్సింగ్ దగ్గర కూచున్నప్పుడు ఆ గొంతు విని నాకు సిగ్గేసింది. ఇంత మంచి సీనుకు ఈ గరగర ఏంటి అనిపించింది. "ఈ గొంతు తీసెయ్‌రా, ఇక్కడ నా వేణువు పెట్టు" అన్నాను. పెట్టాడు. అద్దినట్టు సరిపోయింది. ఇద్దరం ఒకరినొకరు మెచ్చుకున్నాం.

ఇంట్లో అందరూ కూచుని ఆ వీడియో చూశారు. అప్పగింతల దగ్గర అక్క ఏడుస్తోంది, అమ్మ నోరు కదులుతోంది, వేణువు వినిపిస్తోంది. చుట్టాలందరూ కళ్లు తుడుచుకున్నారు. అమ్మ ఒక్కతే టీవీ దగ్గరికి జరిగి చెవి పెట్టింది.

"నా పాట ఏదిరా?"

"తీసేసినం అమ్మా. మ్యూజిక్ పెట్టినం. మంచిగుంది కదా?"

"మంచిగనే ఉంది గని, నా నోరు ఊకె ఊగుతుంది. సూస్తే పిచ్చిదాన్ల ఉన్న."

అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. నవ్వాక మళ్లీ అంది, "మరి నా పాట ఏడికి పోయింది?" అసలు క్యాసెట్ అట్లాగే ఉందని, అందులో పాట భద్రంగా ఉందని నా దోస్తు చెప్పాడు. బీరువాలో పెట్టానన్నాడు. ఆ తర్వాత ఏడాదికో రెండేళ్లకో అమ్మ గుర్తు చేసేది, నేను వాణ్ణి అడిగేవాణ్ణి, "బీరువల ఉందిరా, ఏడికి పోతది" అనేవాడు. నమ్మాను. వాణ్ణి నమ్మక ఎవర్ని నమ్మాలి? ఒక కంచంలో తిన్నవాళ్లం.

మా అక్క వీడియో చూసిన ప్రతివాడికీ ఆ వేణువే కావాల్సి వచ్చింది. "మీ అక్క పెండ్లికి పెట్టిన మ్యూజిక్కే మాక్కూడ పెట్టున్రి" అని స్టూడియోకి వచ్చి మరీ అడిగేవారు. నేను కాలర్ ఎగరేసుకుని తిరిగేవాణ్ణి. అమ్మ పెళ్లిళ్లకు వెళ్లి పాడుతూనే ఉంది. మేము తీస్తూనే ఉన్నాం, మిక్సింగ్ చేస్తూనే ఉన్నాం.

నిరుడు అమ్మ గొంతులో గడ్డ లేచింది. హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు, గొంతు నిలబెట్టలేకపోయారు. ఇప్పుడు అమ్మ మాట్లాడలేదు. చదువు రాదు కాబట్టి రాసి చూపించే దారి కూడా లేదు. చేయి ఊపుతుంది, వేలు చూపిస్తుంది, కోపమొస్తే గిన్నె గట్టిగా పెడుతుంది.

ఈ ఏడు అక్క బిడ్డకు పెళ్లి కుదిరింది. ఆ పిల్ల వచ్చి అమ్మ కాళ్ల దగ్గర కూచుని, "మా అమ్మ పెండ్లిల అమ్మమ్మ పాడిన పాట నన్ను పంపేటప్పుడు పెట్టాలె మామా. నాకు ఇంకేం వద్దు" అంది. అమ్మ మొహం ఒక్కసారి వెలిగింది. నా వైపు చూసి బీరువా తలుపు తీస్తున్నట్టు చెయ్యి తిప్పింది. ఇన్నేళ్లుగా ఆమెకు ఆ బీరువా గుర్తుంది!

పరుగున స్టూడియోకి వెళ్లాను. విషయం చెప్పాను. వాడు కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు.

"అది ఎన్కట్నే పోయిందిరా."

"పోవుడేంది? బీరువల ఉందంటివి!"

"ఒక్క క్యాసెట్ల నాలుగైదు పెండ్లిళ్లు తీస్తుంటిమి. మిక్సింగ్ అయిపోతే దాని మీదనే ఇంకోటి. నీకు తెల్వదా? అక్క పెండ్లయిన వారానికే దాని మీద సిర్గాపూర్ పెండ్లి తీసిన."

"మరి ఇన్నేండ్లు బీరువల ఉంది, బీరువల ఉంది అని ఎందుకు చెప్పినవ్‌రా నాకు?"

"ఏం చెప్పాలె? అమ్మ బాధపడ్తదని చెప్పిన. నువ్వు మాత్రం ఎన్నడన్న బీరువ తీయమన్నవా? ఉందంటే సాలని పోయెటోనివి."

నోటికొచ్చినట్టు తిట్టాను. ద్రోహి అన్నాను. నమ్మించి గొంతు కోశావన్నాను. ఆ మాట అన్నాక నాకే ఎట్లాగో అయింది. వాడు అప్పుడు తల ఎత్తాడు. "గొంతు తీసెయ్ అన్నది నువ్వు" అన్నాడు. అంతే, మళ్లీ పనిలో పడ్డాడు. ఆ రోజు నుంచి వాడి మొహం చూడలేదు. పక్కపక్కనే షట్టర్లు ఎత్తుతాం, దించుతాం.

ఒక్క క్యాసెట్ పోతే ఏమైంది, అమ్మ పాడిన పెళ్లిళ్లు ఎన్ని లేవు, ఆ పాట కాకపోయినా వేణువు పెట్టని అమ్మ పాట ఒక్కటైనా ఎవరింట్లోనైనా దొరకకపోతుందా అనుకున్నాను. ఇల్లిల్లూ తిరిగాను. జనం అటకల మీంచి దుమ్ము దులిపి సీడీలు తీసి ఇచ్చారు. "మీ అమ్మ మా బిడ్డకు పాడింది, ఎందుకు పాడలే, మస్తు పాడింది" అని సంబరంగా పెట్టి చూపించారు. మొదటి ఇంట్లో అమ్మ నోరు కదిలింది, వేణువు వచ్చింది. రెండో ఇంట్లో అమ్మ వేరే చీరలో ఉంది, నోరు కదిలింది, వేణువు వచ్చింది. నాగల్‌గిద్దలో ఇంకో చీర, కొంచెం తెల్లబడ్డ జుట్టు, అదే వేణువు. ఆ ఇంటాయన నా భుజం తట్టి, "ఈ మ్యూజిక్ నీదే కదా? ఇప్పటికి సూసినా ఏడుపొస్తది" అన్నాడు. వాళ్లను ఏడిపించింది అమ్మ. మెప్పు వేణువుకు పోయింది. ఇంటింటికీ తిరిగి దాన్ని పంచిపెట్టింది నేను.

నేపథ్య సంగీతం సినిమాను లేపి నిలబెడుతుందని ఎంతమందికి చెప్పానో! సినిమాలో ఆ బండి పక్కన నిజంగా పాడే మనిషి ఎవరూ లేరు. అందుకే అక్కడ వేణువు కావాల్సి వచ్చింది. మా ఇంట్లో పాట ఉంది. ఇంత చిన్న తేడా నా సిద్ధాంతంలోకి ఎందుకు రాలేదో నాకు తెలియదు. ఇంకా ఘోరం చెప్తాను. బస్సులో తిరిగి వస్తూ అమ్మ పాట నేనే కూనిరాగం తీద్దామని కళ్లు మూసుకున్నాను. మాటలు రెండు లైన్లు గుర్తొచ్చాయి. రాగం కోసం నోరు తెరిస్తే ఆ పాడు వేణువే వచ్చింది. నా చెవుల్లోంచి కూడా అది అమ్మను తరిమేసింది.

చివరికి మనూర్‌లో ఒక ఇల్లు మిగిలింది. చర్చిలో పెళ్లి చేసుకున్న పిల్ల, ఇప్పుడు ఆమె పిల్లలే పదో తరగతిలో ఉన్నారు. సీడీ గీతలు పడి ఉంది, అక్కడక్కడా ఆగుతోంది. అప్పగింతలు వచ్చాయి. వేణువు మొదలైంది. అమ్మ పాట ఎక్కువసేపు సాగినట్టుంది, వేణువు ముక్క అయిపోయినా బొమ్మ అయిపోలేదు. దాన్ని మళ్లీ మొదటి నుంచి అతికించాడు నా దోస్తు. ఆ అతుకు దగ్గర అసలు శబ్దం తీసేయని సందు కొంచెం మిగిలిపోయింది. ఆ సందులో పాట ఆపి, అమ్మ కెమెరా వైపు తిరిగింది. జనరేటర్ మోత వినిపించింది. దాంతోపాటు అమ్మ గొంతు వినిపించింది.

"అరేయ్, ఈసారన్న నా పాట ఎక్కుతదా గిండ్ల?"

లైటు పట్టుకున్నవాడి గొంతు, అంటే నా గొంతే, దగ్గర్నుంచి స్పష్టంగా వచ్చింది.

"ఎక్కుతదమ్మా. నువ్వు పాడు."

అమ్మ పాటకు నోరు తెరిచింది. వేణువు వచ్చేసింది.

ఆ మాట అన్నట్టు నాకు గుర్తే లేదు. కానీ ఎందుకు అన్నానో తెలుసు. అమ్మ పాడకపోతే పిల్ల ఏడవదు, పిల్ల తండ్రి ఏడవడు, నా వేణువు కింద పెట్టడానికి బొమ్మ ఉండదు. ఎక్కదని తెలిసే ఎక్కుతుందన్నాను. కన్నతల్లిని అంతమంది ముందు మోసం చేశాను, ఆమె నన్ను నమ్మి పాడింది. ఎన్ని పెళ్లిళ్లలో అట్లా అడిగిందో, ఎన్నిసార్లు అట్లా అన్నానో!

ఆ ముక్కను ఫోన్లోకి ఎక్కించుకుని ఇంటికి వచ్చాను. అమ్మ గడపలో కూచుని ఉంది, అక్క బిడ్డ పక్కనే ఉంది. దొరికిందా అని అమ్మ కళ్లతో అడిగింది. నాకు చెప్పడం చేతకాక ఫోన్ ఇద్దరి మధ్యా పెట్టి నొక్కాను.

తన గొంతు వినగానే అమ్మ చెయ్యి మెడ మీదికి పోయింది. నా మాట వచ్చినప్పుడు నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. లేదు. "నీ మాట అబద్ధమని ఇప్పుడు తెలిసింది" అన్నట్టు ఉంది, అంతే.

పిల్ల కళ్లు తుడుచుకుని, "గిది సాలు మామా. అమ్మమ్మ మాట ఒక్కటే ఉంచి, నీది కోసేస్త. ఎన్క మెల్లగ మ్యూజిక్ పెడ్తే మంచిగుంటది" అంది.

"మ్యూజిక్ పెట్టకు. నా మాట కోయకు. ఉన్నది ఉన్నట్టు ఉండనీ" అన్నాను. గొంతు ఎంత పెద్దగా వచ్చిందో, పిల్ల బెదిరింది.

అమ్మ ఫోన్ వైపు వేలు చూపింది, మళ్లీ పెట్టమని. మళ్లీ పెట్టాను. అమ్మ మళ్లీ అడిగింది, ఈసారన్న నా పాట ఎక్కుతదా అని. ఎక్కుతదమ్మా, నువ్వు పాడు, అని నేను మళ్లీ అన్నాను.