ఒకే ఊరికి రెండు గళ్ళు

ముద్దనూరు స్టేషను పక్క లైనులో ఎన్నో ఏళ్ళుగా ఎండకు ఎండి వానకు తడిసిన పాత తపాలా బోగీ ఒకటి ఉండేది. దాన్ని బాగుచేద్దామని ఆదివారాలు ఐదుగురం కలిసేవాళ్ళం. ఇద్దరు రిటైరైన గ్యాంగ్‌మెన్లు, కువైట్ నుంచి తిరిగొచ్చిన ప్రొద్దుటూరు వెల్డరు, జమ్మలమడుగులో పనిచేసే టీచరమ్మ, నేను. అందులో ఉద్యోగం చేసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి పెత్తనం నాది. వెల్డరు కనిపించిన ప్రతిదానికీ ఎర్ర రంగు పూద్దామనేవాడు. “ముసల్దానికి రవిక మారిస్తే పెండ్లికూతురైతాదా అప్పా?” అని కసిరేవాణ్ణి. అప్పటికి నాలో మిగిలింది ఆ కసురు ఒక్కటే.

టీచరమ్మ మొదటి రోజే తన ఊరి పేరు చెప్పింది. “మా నాయన్ని బస్సు దిగతానే నరికినారు మామా. నాకప్పుడు తొమ్మిదేండ్లు” అంది. ఉప్పు పప్పుల సంగతి చెప్పినట్టే చెప్పింది. మా వైపు అలాగే చెప్తారు. నేనూ టీ తాగుతూనే విన్నాను. ఆ నాయన ఎవరో నాకు తెలుసు. గ్లాసు కింద పెట్టి గరుకు కాగితం అందుకున్నాను.

ఉత్తరాలు వేరు చేసే గళ్ళ బల్లను శుభ్రం చేసే పని ఆమె తీసుకుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పేర్లు రంగు కింద నుంచి ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఒక ఆదివారం, చివరి మూలన పెన్సిలుతో రాసిన రెండు గళ్ళు కనిపించాయి. రెండింటి మీదా ఆమె ఊరి పేరే. ఒకదాని కింద పైవీధి, ఇంకోదాని కింద కిందివీధి. రాత నాది.

“ఒక్క ఊరికి రెండు గళ్ళేంది మామా?”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది నాకు. పార్టీల కాలంలో, అంటే ముఠా కక్షలు నడిచిన రోజుల్లో, ఆ రెండు వీధులకూ పడేది కాదు. ఈ వీధి మగమనిషి ఆ వీధిలో కాలు పెడితే తిరిగొస్తాడన్న నమ్మకం లేదు. అందుకని ఏ రూలు పుస్తకంలోనూ లేకపోయినా, ఆ ఊరి ఉత్తరాలు మేమే రెండు కట్టలుగా కట్టేవాళ్ళం. ఎవరి కట్ట వాళ్ళ మనిషి తీసుకుపోయేవాడు.

బొంబాయిలో లారీ తోలే ఆమె నాయన ఒక కార్డు రాశాడు. శుక్రవారం పులివెందుల బస్సులో దిగుతానని. కార్డుకు కవరుండదు కదా, చదవొద్దనుకున్నా కళ్ళలో పడుతుంది. ఆ శుక్రవారమే అతన్ని చంపారు. పేపర్లో చూశాక, ఆ కార్డు ఏ గడిలో వేశానా అని ఆలోచించాను. ఎంత తలచుకున్నా నా చెయ్యి గుర్తొచ్చేది కానీ గడి గుర్తొచ్చేది కాదు. ఆ తర్వాత కూతురి పెళ్ళికి నవ్వలేదు, అమ్మ పోతే ఏడవలేదు. డ్యూటీ మాత్రం చేశాను.

ఇదంతా ఆమెకు చెప్పేశాను. “మీ నాయన కార్డు అవతలి కట్టలో ఏసినానేమోమ్మా. ఆయన వచ్చే దినం వాళ్ళకు నావల్లే తెలిసిందేమో.”

ఆమె గరుకు కాగితం కింద పెట్టింది.

“లేదు మామా. కార్డు మా ఇంటికే వచ్చె. నాకప్పుడు చదవడమంటే శానా గొప్ప. కొళాయి కాడ నిలబడి అందరికీ ఇనపడేట్టు గట్టిగా చదివినా, శుక్రవారం మా నాయన వస్తాండాడని. రెండు వీధుల ఆడోళ్ళకూ అదొక్కటే కొళాయి.”

నాకు మొదట కలిగింది ఊరట. ముప్పై ఏళ్ళ తర్వాత గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను. ఆమె ఏం చెప్పిందో ఆ తర్వాతే బుర్రకెక్కింది. సిగ్గేసింది.

ఆమె మళ్ళీ గరుకు కాగితం తీసుకుంది. “ఈ పేర్లు చెరిపేయాల్నా, ఉంచాల్నా?”

“ఉంచమ్మా” అన్నాను.

చిన్నపిల్లవు, నీ తప్పేముందని ఒక్క మాట అనుంటే సరిపోయేది. అలాంటి మాట నాకెవరైనా చెప్తారేమోనని ముప్పై ఏళ్ళు కాచుకున్నవాణ్ణి. ఆ రోజు అనలేదు. బోగీ పని అయిపోయి, ఎవరి దారిన వాళ్ళం పోయేదాకా అనలేదు.