మిగతాది చెప్పని డాక్టరుగారు

రిటైరైన డాక్టరుగారొకరు ఆదివారాలు మా తెలుగువాళ్లను లండన్ వీధుల్లో తిప్పుతూ, విక్టోరియా రాణి కాలం నాటి ఓ పేరున్న రచయిత కథలు చెప్పేవారు. రచయిత అద్దెకున్న ఇంటి ముందో, కథలో వచ్చే సందులోనో నిలబెట్టి మొదలుపెట్టేవారు. చివరికొచ్చేసరికి మాత్రం టోపీ సర్దుకుని, "మిగతాది పుస్తకంలో ఉంది" అంటూ ముందుకు నడిచేవారు.

ఓసారి, తండ్రితో గొడవపడి ఇల్లు వదిలిన కుట్టుపని పిల్ల కథ చెప్పారు. ఆ పిల్ల తిరిగొచ్చి తండ్రి తలుపు తట్టగానే టోపీ సర్దుకున్నారు. నేను ఆగలేక పక్కకు చేరాను.

"తలుపు తీశాడా డాక్టరుగారూ? నాకు చదువు రాదండీ. నాకొక్కదానికి చెవిలో చెప్పేయండి."

"చెప్పనమ్మా. ఇది చెబితే వచ్చే వారం గుత్తివంకాయ కూర తెచ్చిచ్చి తక్కినవీ చెప్పించుకుంటావ్. నేర్చుకుని చదువు. అప్పుడు ఇద్దరం కూర్చుని వాదించుకుందాం."

ఒళ్లు మండింది. ఆ మంటతోనే వెంబ్లీలో, లైబ్రరీలో పెద్దవాళ్లకు చదువు చెప్పే క్లాసులో చేరాను. తేలిక ఇంగ్లీషులో కుదించిన ఆ పుస్తకం చదవగలిగేసరికి ఏళ్లు పట్టింది. నేను చివరి పేజీ చేరేలోపే, బెల్‌ఫాస్ట్‌లో కూతురి ఇంట్లో ఆయన పోయారు.

తండ్రి తలుపు తీశాడు. ఆ పిల్లే లోపలికి వెళ్లలేదు. క్షేమంగా ఉన్నాడో లేదో చూసుకుని వెనక్కి తిరిగింది.

నాకది అస్సలు నచ్చలేదు. మా ఇంట్లో ఆ పుస్తకం ఇంకెవరూ చదవలేదు. ఆ పిల్ల లోపలికి వెళ్లాల్సింది కదండీ, డాక్టరుగారూ?