పద్మకుమారి పేరున పాడిన పాట

పద్మకుమారి పుట్టిందీ పెరిగిందీ ఉత్తరాదిన ఒక ఉక్కు పట్నంలో, బర్మామైన్స్ అనే పేటలోనే. తండ్రి పోలరాజు విజయనగరం వైపు సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చి స్టీలు కంపెనీలో పనికి కుదిరాడు. ఆ పల్లెకు ఆమె చంకలో పిల్లగా ఒకసారి వెళ్ళిందట, ఏమీ గుర్తులేదు. వీధిలో హిందీ మాట్లాడినా, ఇంట్లో గిన్నెలు తోముతూ పాటలు మాత్రం తెలుగులో కట్టుకునేది.

ఆమెకు పంతొమ్మిదో ఏడు నడుస్తుండగా, ఉగాది సభకు 'మా ఊరు' అని ఒక పాట కావాలన్నారు తెలుగు సంఘం నాటకాలు నడిపే సీతారామరావు మాస్టారు. తన పాట మొదటిసారి నలుగురూ వింటారని ఆమెకు ఎంత సంబరమో. షిఫ్టు సైరన్‌కు ఉలిక్కిపడి లేచే వీధి, కొలిమి వెలుగుకు రాత్రి ఎర్రబడే ఆకాశం, బొగ్గు మసి పట్టిన జామచెట్టు, అన్నీ పెట్టి కట్టింది. ఈ కథ రాస్తూ నేనడిగితే ఆ పాట నాకు పాడి వినిపించింది. రెండోసారీ పాడించుకున్నాను.

మాస్టారు సగంలోనే ఆపేశారట.

"సైరన్ రోజూ ఇంటన్నాం కదమ్మా. మన ఊరు గురించి రాయి."

"ఇదే కద మాస్టారూ నా ఊరు."

"నువ్వు పుట్టింది ఇక్కడ. ఊరు అక్కడ."

తండ్రి కూడా మాస్టారి మాటే వినమన్నాడు. చూడని పల్లెను ఎలా రాయాలో తెలియక, సినిమాల్లో చూసిన సముద్రం పెట్టి, సాయంత్రం సూర్యుణ్ణి అందులో ముంచింది. రిహార్సల్లో పక్కింటి దాలమ్మ పగలబడి నవ్వింది.

"ఒసే పద్మా, మన సముద్రంలోంచి పొద్దు లేత్తాది గానీ మునగడవేటే? నువ్వే సముద్రం సూసినావు?"

అందరూ నవ్వారు. పొద్దు ఎటు పొడుస్తుందో తెలియని పిల్ల మిగతాది మాత్రం ఏం రాస్తుందని మాస్టారు పెన్సిల్ తీశారు. వలలు వచ్చాయి, కొబ్బరితోటలు వచ్చాయి, మనవరాలి కోసం ఎదురుచూసే నాయనమ్మ వచ్చింది. ఆ నాయనమ్మ పద్మకుమారి పుట్టకముందే పోయింది. చివరికి బాణీ ఒక్కటే ఆమెది మిగిలింది.

తన పేరు చెప్పొద్దని బతిమాలుకుంది.

"పేరు నీదే ఉండాలమ్మా," అన్నారు మాస్టారు. "ఇక్కడ పుట్టిన పిల్ల ఊరిని మర్సిపోలేదంటే అందరికీ బాగుంతాది."

బాగానే ఉంది. మైకులో ఆమె పేరు చెప్పి వేరే పిల్లల చేత పాడించారు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. దాలమ్మ వచ్చి బుగ్గలు పుణికింది. పొగిడిన ప్రతివాళ్ళకూ తలూపుతూ పద్మకుమారి దవడలు నొప్పెట్టేలా నవ్వింది.

ఇంటికి నడుస్తుంటే పోలరాజు ఛాతీ విరుచుకుని చెప్పాడు: "వచ్చే ఏడూ నువ్వే రాయాలంటన్నారు మాస్టారు. ఒప్పేసుకున్నాను."

తండ్రితో ఎప్పుడూ తెలుగే మాట్లాడే పిల్ల, ఆ పూట నా వల్ల కాదని హిందీలో అంది: "ముఝ్‌సే నహీఁ హోగా."

కూతురు భయపడుతోందనుకున్నాడు పోలరాజు.

"అవుద్దిలే. దీన్ని సరిసేసినట్టే, అదీ మాస్టారే సరిసేత్తారు," అని ధైర్యం చెప్పాడు.